మఠం అంటే హాస్టలే: చంద్రేహె అడవి నుంచి మల్కాపురం రాతిదాకా



మొన్న మేడారం మీద చర్చ నడిచినప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "కాకతీయుల కాలంలో చదువు ఎవరికి దొరికింది, ఎక్కడ దొరికింది?" అని. దానికి రెండు మాటల్లో జవాబు చెప్తే సరిపోదు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగుంటుంది, ఓపికగా చదవండి.

మొదట ఒక మాట సంగతి. మఠం అనగానే మనకు కాషాయం, విభూతి, పెద్ద స్వామి, ఆయన కాళ్లకు మొక్కే జనం గుర్తొస్తారు. అమరకోశం చెప్పే అర్థం వేరు. విద్యార్థులు మొదలైనవాళ్లు ఉండే ఇల్లు మఠం అని అది చెప్తుంది. అంటే హాస్టల్. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు పడుకోవడానికి చోటు, తినడానికి అన్నం, చెప్పడానికి పంతులు. మనం చదివిన బళ్ల పేరులో ఉన్న "ఆశ్రమం" అనే మాట కూడా ఆ వైపు నుంచే వచ్చింది. కాబట్టి మఠం చరిత్ర మనకు సంబంధం లేని విషయం అనుకోవద్దు. హాస్టల్లో పెరిగినవాళ్లం మనం. ఒక పాత హాస్టల్ ఎట్లా నడిచిందో, దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, లోపలికి ఎవరిని రానిచ్చారో అడిగే హక్కు అందరికన్నా మనకే ఎక్కువ ఉంది.

మనం చెప్పుకోబోయేది గోళకీ మఠం గురించి. 13వ శతాబ్దంలో తెలుగు దేశంలో ఇంత బలం ఉన్న మఠం ఇంకొకటి కనబడదు. కాకతీయ గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గురువు ఈ మఠం వాడు. పేరు విశ్వేశ్వర శంభువు. విశ్వేశ్వర శివాచార్యుడు అని కూడా అంటారు. అయితే ఈ మఠం తెలుగు నేల మీద పుట్టలేదు. పుట్టింది నర్మద అవతల, వింధ్య కొండల అడవుల్లో. అందుకని ముందు అక్కడికి వెళ్లి, తర్వాత కృష్ణ ఒడ్డుకు వద్దాం.

జబల్‌పూర్ చుట్టుపక్కల నుంచి రీవా వైపు ఉన్న ప్రాంతాన్ని పాతకాలంలో డాహల మండలం అనేవాళ్లు. గంగకూ నర్మదకూ నడుమ దేశం అని శాసనం చెప్తుంది. దాన్ని కలచురి రాజులు ఏలారు. వాళ్ల రాజధాని త్రిపురి, ఇప్పుడు జబల్‌పూర్ పక్కన తేవర్ అనే ఊరు. ఆ వంశంలో 10వ శతాబ్దంలో యువరాజదేవుడు అనే రాజు శైవ ఆచార్యులను పిలిపించుకుని మఠాలు కట్టించి ఇచ్చాడు. సద్భావ శంభువు అనే ఆచార్యుడికి ఆయన 3 లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడనీ, ఆ ఆచార్యుడు వాటితో గోళకీ మఠం పెట్టాడనీ తర్వాతికాలపు శాసనం రాసింది. 3 లక్షల ఊళ్లు! గంగకూ నర్మదకూ మధ్య ఉన్న దేశమంతా గీసినా అన్ని ఊళ్లు తేలడం కష్టం. అది పొగడ్త లెక్క అని మా అభిప్రాయం. కానీ పొగడ్తలో కూడా ఒక నిజం ఉంటుంది. ఊరికే తీసి ఇచ్చేయగల వస్తువులాగా ఊళ్లను లెక్కపెట్టారు. ఆ ఊళ్లలో ఎవరుండేవాళ్లో, వాళ్లను ఎవరైనా అడిగారో లేదో రాతి మీద లేదు.

గోళకీ అనే పేరు గుండ్రటి గుడిని బట్టి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ గుడి ఏదన్న దగ్గర పండితులు రెండు వైపులయ్యారు. నర్మద ఒడ్డున భేడాఘాట్ దగ్గర గుండ్రటి ఆవరణతో ఉన్న చౌసఠ్ యోగినీ గుడే అది అని మిరాశీ గారు అన్నారు. కాదు, రీవా దగ్గరి గుర్గీ అని మరికొందరు. జబల్‌పూర్ వైపు పోయేవాళ్లు భేడాఘాట్ జలపాతం చూసి వెనక్కి తిరగొద్దు. మెట్లెక్కి ఆ గుడి కూడా చూడండి. అక్కడికి దగ్గర్లోనే మదన్ మహల్ కూడా ఉంది. అది గోండు రాజులది. కలచురులు పోయాక అదే నేల మీద గఢా గోండు రాజ్యం నిలబడింది. 1564లో మొగలు సైన్యంతో పోరాడి చనిపోయిన రాణి దుర్గావతి ఏలింది ఆ రాజ్యాన్నే. ఇది పక్కదారి అని తెలుసు, అయినా ఆదిలాబాద్ గోండు తమ్ముళ్లు మాకు గుర్తొచ్చి రాయకుండా ఉండలేకపోయాం.

ఆ కాలపు మఠం ఎట్లా ఉండేదో కళ్లారా చూడాలంటే భేడాఘాట్ చాలదు. మధ్యప్రదేశ్ సీధీ జిల్లాలో చంద్రేహె అనే చోటుకు పోవాలి. శోణ నది, బనాస్ నది కలిసే చోటుకు దగ్గర్లో ఉంది. చుట్టూ కోల్, గోండు, బైగా జనం ఉండే జిల్లా అది. అక్కడ ఒక రాతి గుడి, దాని పక్కనే ఒక రాతి మఠం నిలబడి ఉన్నాయి. గుడి కింది భాగం గుండ్రంగా ఉంటుంది. మఠం మాత్రం ఇల్లులాంటిది. ముందు స్తంభాల వసారా, లోపల నడిమి వాకిలి, దాని చుట్టూ గదులు, పైన మరో అంతస్తు ఉండేదని చెప్పే ఆనవాళ్లు. మనలో చాలామంది చదివిన హాస్టల్ బిల్డింగులను గుర్తు చేసుకోండి. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. 1000 ఏళ్ల కింద కూడా పిల్లలనో, సన్యాసులనో ఒకచోట ఉంచాలంటే మనుషులకు తట్టిన ప్లాను ఇదే.

ఆ వసారా గోడల్లో శాసనం రాళ్లున్నాయి. కలచురి సంవత్సరం 724లో, అంటే క్రీ.శ. 973లో, ప్రబోధశివుడు అనే ఆచార్యుడు ఈ మఠం కట్టించాడని అందులో ఉంది. గుడి కట్టించింది ఆయన గురువు ప్రశాంతశివుడు. ఇంతకన్నా మనకు పనికొచ్చే సంగతులు అందులో మూడు ఉన్నాయి.

ఒకటి తిండి. ఈ తపస్వులు అడవిలో ప్రియాలం, ఆమలకం లాంటి పండ్లు, దుంపలు తిని బతికారని కవి గొప్పగా చెప్తాడు. ఆమలకం అంటే ఉసిరి. ప్రియాలం ఏంటో తెలుసా? సారపప్పు చెట్టు. మనం మొర్రి పండ్లు అంటాం కదా, అవే. ఎండాకాలం పొద్దున్నే బుట్ట పట్టుకుని అమ్మతో పోయి ఏరినవి, గింజ పగలగొట్టి పప్పు తీసి సంతలో షావుకారికి పోసినవి. సన్యాసి తింటే అది తపస్సు అయి రాతికెక్కింది. అదే పండు ఏరిన ఆడవాళ్ల గురించి ఏ రాయీ మాట్లాడదు. కవి మీద మాకు కోపమేమీ లేదు. ఆయన తనకు జీతమిచ్చినవాళ్ల గురించి రాశాడు. కానీ ఏ పండు తినొచ్చు, ఏది చేదు, ఏ దుంపను ఎన్నిసార్లు ఉడికించి నీళ్లు పారబోయాలి అనేది కొత్తగా అడవికొచ్చిన మనిషికి తనంతట తెలియదు. మన ఇళ్లల్లో ఎవరికైనా ఆ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ఆచార్యులకు ఎవరో చూపించి ఉంటారని మేం అనుకుంటున్నాం. రుజువు లేదు, ఊహే.

రెండోది దారి. ప్రబోధశివుడు పెద్ద పెద్ద బండలు తవ్వించి, పగలగొట్టించి, దిమ్మిస కొట్టించి కొండల గుండా, వాగులు దాటుకుని, అడవుల్లోంచి ఒక వింతైన బాట వేయించాడట. ఎవరు తవ్వారు? ఎవరు కొట్టారు? సన్యాసులు గడ్డపార పట్టారని ఏ శాసనం చెప్పదు కదా. రోడ్డు లేని గూడేల్లో పుట్టిన మనకు ఆ బాట విలువ వేరే చెప్పాల్సిన పని లేదు. కొండలో బాట పడితే మంచీ వస్తుంది, చెడూ వస్తుంది. గురువు వస్తాడు, పన్ను వసూలు చేసేవాడూ వస్తాడు.

మూడోది నీళ్లు. సముద్రమంత బావి తవ్వించానని ప్రబోధశివుడు చెప్పుకున్నాడు. ఇంకో ముచ్చట కూడా ఉంది, మాకు అదే బాగా నచ్చింది. గురువు ప్రశాంతశివుడు ముందెప్పుడో తవ్వించిన బావి ఉండేది. దానికి వాడిన కర్ర పుచ్చిపోయి బావి పాడైతే, శిష్యుడు బరువైన రాళ్లతో దాన్ని మళ్లీ కట్టించాడు. అంత గొప్ప సంస్కృతంలో శివుడి జటలు, గంగ, సింహాల గర్జనలు అన్నీ వర్ణిస్తూ, నడుమ ఈ బావి రిపేరు సంగతి. మఠం నిలబడింది ఈ రిపేర్ల వల్లే అని మాకు అనిపిస్తుంది.

ఆ శాసనంలో అడవి వర్ణన చాలా అందంగా ఉంటుంది. సింహం పిల్లలు, కోతులు, లేళ్లు శత్రుత్వం మరిచి కలిసిమెలిసి ఉన్నాయట. అక్కడ జంతువులకు చోటుంది, చెట్లకు చోటుంది. మనుషులు మాత్రం గురువు, శిష్యుడు, రాజు. పెద్ద పెద్ద పుస్తకాల్లో ఇప్పటికీ "నిర్జనమైన అడవిలో మఠం వెలిసింది" అని రాస్తుంటారు. ఆ మాట కనబడ్డప్పుడల్లా కొంచెం ఆగండి. అడవి నిర్జనం అని ఎవరు చెప్తున్నారో చూడండి.

ఇక మన వైపు వద్దాం. విజయవాడకు అవతల, కృష్ణ దక్షిణపు ఒడ్డున, గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో మందడం, మల్కాపురం, వెలగపూడి అని పక్కపక్క ఊళ్లున్నాయి. అమరావతి రాజధాని అన్నాక ఈ పేర్లు అందరికీ తెలిసిపోయాయి. సచివాలయం ఉన్నది వెలగపూడిలోనే. ఆ సచివాలయానికి ఇంత దగ్గరలో మల్కాపురంలో ఒక రాతి స్తంభం ఉంది. ఎత్తు సుమారు 14 అడుగులు. పైన నంది కూర్చుని ఉంటాడు. నాలుగు ముఖాలా అక్షరాలే. ఇదే మల్కాపురం శాసనం. శక సంవత్సరం 1183, అంటే 1261లో వేశారు. లిపి తెలుగు, భాష ఎక్కువగా సంస్కృతం.

విషయం ఏమిటంటే, గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామాన్ని ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటను నెరవేర్చింది ఆయన కూతురు రుద్రమదేవి. ఆమె మందడంతో పాటు వెలగపూడిని, కృష్ణలోని లంక భూములను కూడా కలిపి ఇచ్చింది. విశ్వేశ్వరుడు బెంగాల్ వైపు రాఢ దేశంలో పూర్వగ్రామం అనే ఊరివాడు. డాహలంలో మొదలైన గురువుల వరుసలో చేరి, ఇక్కడిదాకా వచ్చాడు. ఆ వరుసలో కేరళ నుంచి వచ్చిన ఆచార్యుడు కూడా ఉన్నాడు. అంటే దేశంలో ఏ మూలవాడైనా ఆ గొలుసులో చేరగలిగాడు. కులం, శాస్త్రం ఒప్పుకుంటే.

విశ్వేశ్వరుడు ఆ భూముల్లో ఒక కొత్త ఊరే కట్టాడు. పేరు విశ్వేశ్వర గోళకి. గుడి, మఠం, అన్నసత్రం కట్టించాడు. ద్రావిడ దేశపు బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి, భూములిచ్చి నిలిపాడు. వాళ్లకు ఇవ్వగా మిగిలిన భూమిని మూడు సమాన భాగాలు చేశాడు. ఒక భాగం శివుడి గుడికి. ఒక భాగం విద్యార్థులకూ శుద్ధ శైవ మఠానికీ. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణుల సత్రానికి.

అవును. 1261లో కాన్పుల ఆసుపత్రి, మామూలు ఆసుపత్రి, వాటికి విడిగా రాసిచ్చిన భూమి.

ఈ ఒక్క వాక్యం పట్టుకుని మన దేశపు గొప్ప గురించి ఊదరగొట్టే పోస్టులు మీరు చూసే ఉంటారు. మేం ఆ పని చేయబోవడం లేదు. కానీ తీసిపారేయడం కూడా తప్పు. ఇందులో నేర్చుకోవాల్సింది నిధుల ఏర్పాటు. ఆసుపత్రి పెడతామని ప్రకటించి ఊరుకోలేదు. దాని ఖర్చు ఏ పొలం పంట నుంచి వస్తుందో ముందే తేల్చారు. రాజు మారినా, రాణి మారినా ఎవరి దయ మీదా ఆధారపడకుండా రాతి మీద చెక్కారు. గర్భిణిని డోలీలో మోసుకుపోయిన వార్తలు మన ఏజెన్సీ నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. ప్రసూతిశాలకు మూడో వంతులో వాటా అన్న మాట మనకు పాత ముచ్చటలాగా వినబడదు.

తర్వాత ఉద్యోగుల జాబితా వస్తుంది. శాసనంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు పంతుళ్లు. వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి 5 మంది. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. వంటవాళ్లు, పనివాళ్లు. గుడిలో 10 మంది నాట్యకత్తెలు, పాడేవాళ్లు, వాద్యాలవాళ్లు. ఊరి కాపలాకు వీరభద్రులు అనే 10 మంది. ఆ తర్వాత చేతిపనులవాళ్లు: కంసాలి, కంచరి, కాసె, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మేదరి, మంగలి. ఒక్కొక్కళ్లకు ఎంత భూమి ఇవ్వాలో కూడా రాశారు.

ఆ జాబితా చదువుతుంటే మాలో ఒకరు నవ్వి అన్నారు, "పోస్టులన్నీ శాంక్షన్ అయి, భర్తీ కూడా అయిన హాస్టల్ ఇదొక్కటే" అని. 8 మంది పంతుళ్లు, పక్కనే వైద్యుడు. మాలో కొందరు చదివిన బడిలో లెక్కల పంతులు రెండేళ్లు లేడు. రాత్రి జ్వరం వస్తే పెద్ద క్లాసు అన్నలే తడిగుడ్డ వేసేవాళ్లు. ఎవరిదీ పేరు చెప్పం, చెప్పి లాభం లేదు. మీలో చాలామందిది అదే కథ.

జాబితాలో మేదరి ఉన్నాడు చూడండి. వెదురు పని చేసేవాడు. బుట్టలు, చాటలు, తడికలు, గాదెలు లేకుండా అన్నసత్రం నడవదు. వందలమందికి వండి వార్చే చోట అన్నం వంచే సిబ్బి దగ్గర నుంచి ధాన్యం పోసే గాదె వరకూ వెదురే. కృష్ణ ఒడ్డున నల్లరేగడి చేలల్లో వెదురు అడవులు ఉండవు. అది ఎక్కడినుంచో దిగి రావాలి. గుడికి కావాల్సిన తేనె, సాంబ్రాణి, కుంకుళ్లు, మూలికలూ అంతే. శాసనం మేదరి దగ్గర ఆగిపోతుంది, వెదురు నరికిన మనిషిదాకా రాదు. పొలం ఉన్నవాడి పేరు, జీతం ఉన్నవాడి పని రాతికెక్కాయి. అడవి నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, దించి, వెనక్కి పోయినవాళ్ల పేరు ఎక్కలేదు.

అన్నసత్రం గురించి ఒక మాట ఉంది. దాన్ని గౌరవంగా చెప్పుకోవాలి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడు వరకు వచ్చిన ప్రతి మనిషికీ, ఏ వేళయినా అన్నం పెట్టాలి. ఎవరినీ ఆకలితో పంపొద్దు. 1261లో అది చిన్న మాట కాదు. అయితే జాగ్రత్తగా చదవండి. అన్నం దగ్గర తలుపు అందరికీ తెరిచారు. చదువు దగ్గర తెరవలేదు. మూడు వేదాలు చెప్పే బడిలోకి ఆ చండాలుడి కొడుకు వెళ్లలేడు. కడుపుకు పెట్టడం వేరు, అక్షరం పెట్టడం వేరు. మన పెద్దలు పోరాడి సాధించుకున్నది రెండోదాన్నే. ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ఇంకో నియమం కూడా చెప్పాలి. మఠాధిపతి దారి తప్పితే అతన్ని తీసేసి, అర్హత ఉన్న ఇంకొకర్ని పెట్టే అధికారం ఆ సంప్రదాయపు శైవులకు ఇచ్చాడు విశ్వేశ్వరుడు. రాజులే కాళ్ల దగ్గర కూర్చునే గురువు, తన తర్వాత వచ్చేవాడు చెడిపోతాడేమోనని ముందే అనుమానించి రాతి మీద రాయించాడు. తెలివైన మనిషి. చాలా సంఘాల బైలాల్లో ఇప్పటికీ ఈ క్లాజు దొరకదు. మన సంఘాల్లో కూడా!

గోళకీ ఆచార్యులు మల్కాపురానికే పరిమితం కాలేదు. త్రిపురాంతకం, పుష్పగిరి లాంటి శైవ క్షేత్రాల్లో వాళ్ల పేర్లు శాసనాల్లో కనబడతాయి. త్రిపురాంతకం అంటే నల్లమల అంచు, చెంచు అన్నల నేల. విశ్వేశ్వరుడు కాళేశ్వరంలో, ఏలేశ్వరంలో కూడా శివాలయాలకూ మఠాలకూ ఏర్పాట్లు చేశాడని మల్కాపురం రాయే చెప్తుంది. కాళేశ్వరం మనకు తెలిసిన చోటే. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, చుట్టూ కోయ, గోండు, నాయకపోడు గూడేలు. ఏలేశ్వరం అయితే ఇప్పుడు చూడలేం. అది నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. జలాశయం నిండకముందు పురావస్తు శాఖవాళ్లు అక్కడ తవ్వకాలు జరిపి కొన్ని వస్తువులు బయటికి తీశారు. దేవుడి ఊరుకైనా మన ఊరుకైనా డ్యామ్ ముందు మర్యాద ఒకటే. కాకపోతే గుళ్లను రాయి రాయి లెక్కపెట్టి ఒడ్డుకు మార్చిన సందర్భాలున్నాయి. గూడేలను అట్లా లెక్కపెట్టి మార్చిన సందర్భం మాకు తెలిసి లేదు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయులతోపాటు మఠానికి ఆసరాగా ఉన్న రాజ్యం పోయింది. తర్వాతి కాలంలో శ్రీశైలం లాంటి చోట్ల వీరశైవ మఠాల బలం పెరిగింది. మల్కాపురంలో ఇప్పుడు ప్రసూతిశాల గోడ లేదు, విద్యార్థుల గది లేదు. గుడి, ఆ స్తంభం, పైన నంది. భూమి మూడు భాగాల లెక్క ఒక్కటే రాతి మీద భద్రంగా ఉంది. ఆ భూములే 750 ఏళ్ల తర్వాత రాజధాని కోసం ఇంకో లెక్కలో చేతులు మారాయి. అది వేరే పోస్టు సంగతి.

ఇప్పుడు మేడారం వైపు ఒక్కసారి తిరగాలి. అక్కడి నుంచే కదా మన చర్చ మొదలైంది. మన నోటి కథ ప్రకారం కరువొచ్చి పంట పండక మేడారం కోయరాజు పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. సమ్మక్క, సారలమ్మ, జంపన్న, నాగులమ్మ పోరాడారు. జంపన్న సంపెంగ వాగులో పడి చనిపోయాడు కాబట్టి అది జంపన్న వాగు అయింది. దీనికి కాకతీయుల శాసనం సాక్ష్యం లేదు కాబట్టి చరిత్ర కాదు, కథే అని కొందరు అంటారు. వాళ్లతో మేం గొడవ పడం. ఒక్క సంగతి మాత్రం పక్కన పెట్టి చూడమంటాం. రాయి చెక్కించాలంటే భూమి ఉండాలి, డబ్బు ఉండాలి, సంస్కృతం వచ్చిన కవి ఉండాలి. మల్కాపురంలో ఈ మూడూ ఉన్నాయి, రాయి మాట్లాడింది. మేడారంలో ఏవీ లేవు. రెండేళ్లకొకసారి వచ్చే జాతర మాట్లాడుతోంది. కప్పం తీసుకున్నవాళ్ల దానాల లెక్క ఒకచోట ఉంది, కప్పం కట్టనన్నవాళ్ల గద్దె ఒకచోట ఉంది. రెండూ ఒకే రాజ్యం లోపలివే. రాతి మీద ఉన్నది చదవడం నేర్చుకుంటూనే, గద్దె దగ్గర వడ్డెలు చెప్పేది రాసి పెట్టుకోవాలి. వాళ్లలో పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా పోతున్నారు.

అట్లాగని మఠం అంతా దోపిడీ, అవతల పారేయండి అనడం మాకు నచ్చదు. చంద్రేహెలో పాడైన బావిని మళ్లీ కట్టినవాడు, మల్కాపురంలో కాన్పుల ఆసుపత్రికి పొలం రాసినవాడు చెడ్డవాళ్లు కాదు. వాళ్లకు కనబడిన ప్రపంచంలో మనం లేం, అంతే. మన హాస్టల్‌కు వైద్యుడి పోస్టు అడిగేటప్పుడు, వాళ్లు 1261లోనే పెట్టారు కదా అని ఆ రాయినే చూపించొచ్చు. ధైర్యంగా వాడుకోండి.

చివరగా, చూడటానికి వెళ్లేవాళ్లకు. మల్కాపురానికి విజయవాడ నుంచి గానీ గుంటూరు నుంచి గానీ సచివాలయం దారి పట్టుకుంటే చాలు, ఊళ్లో నంది స్తంభం అని అడగండి. పొద్దున గానీ సాయంత్రం గానీ పోండి. ఎండ వాలుగా పడ్డప్పుడు అక్షరాలు బాగా కనబడతాయి. ఫోటోకు స్పష్టంగా రావాలని అక్షరాల మీద సుద్ద, సున్నం, పసుపు రుద్దొద్దు, నూనె పూయొద్దు. నీళ్లు కూడా అక్కర్లేదు, వాలు వెలుగు చాలు. నాలుగు ముఖాలూ విడివిడిగా తీయండి. కాళేశ్వరం, మంథని, త్రిపురాంతకం వైపు గూడేల వాళ్లు మీ ఊరి పొలిమేరలో, చెరువు గట్టు మీద అక్షరాలున్న రాయి ఏదైనా ఉంటే అట్లాగే ఫోటో తీసి, ఊరి పేరు, ఆ రాయిని మీ పెద్దోళ్లు ఏమని పిలుస్తారో రాసి ఇక్కడ పెట్టండి. రాయిని కదిలించొద్దు. పెద్దోళ్లు పిలిచే పేరు మాత్రం తప్పకుండా రాయండి.